హాజరుపట్టీలో ఉన్నాం, నిర్ణయాల్లో లేం

ఏలూరులో శిక్షణకు పోయినప్పుడు చివరి రోజు సాయంత్రం ఒక కాగితం చేతిలో పెడతారు. అందులో ఒక ప్రశ్న ఉంటుంది. మీ ఉద్యోగంలో మీకు సంతృప్తి ఉందా, ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేయండి అని. చింతలపూడి, జీలుగుమిల్లి, బుట్టాయగూడెం వైపు నుంచి వచ్చిన ఆదివాసీ టీచర్లం ఒకే బెంచీ మీద కూర్చుని ఉంటాం. ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. నాలుగు వేసి, సంతకం పెట్టి, చివరి బస్సు కోసం పరిగెత్తుతాం. ఐదు వేస్తే అబద్ధమవుతుంది. రెండు వేస్తే ఎందుకు వేశావని రేపు ఎవరో ఒకరు పిలుస్తారు. ఆ నాలుగు మార్కులు తృప్తివి కావు, భయానివి.

ఆ కాగితం మీద రాయలేనిది ఇక్కడ రాస్తున్నాం. మన పిల్లలు చదవాలి, కొత్తగా డీఎడ్, బీఎడ్ చేస్తున్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు చదవాలి. తోటి టీచర్లు చదివి, తప్పుంటే తప్పని చెప్పాలి.

జీతం మాట ముందు తేల్చుకుందాం

మేం ఇలా మాట్లాడగానే స్టాఫ్ రూములో ఒక మాట వస్తుంది. "నెల తిరిగేసరికి జీతం పడుతోంది కదా, ఇంకేం తక్కువ మీకు?" అని. నిజమే, జీతం పడుతోంది. మా అమ్మలు ఇప్పపువ్వు ఏరి, తునికాకు కట్టలు కట్టి, మిరప కోతలకు పోయి సంపాదించినదానితో పోలిస్తే మాది పెద్ద జీతమే. దాన్ని మేం తక్కువ చేయం. ఆ జీతంతోనే మా ఇళ్లలో రెండో తరం కాలేజీ మెట్లెక్కింది.

కానీ తృప్తి వేరు, జీతం వేరు. 1959లో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఇంజనీర్లను, అకౌంటెంట్లను అడిగి ఒక సంగతి చెప్పాడు. జీతం, పై అధికారి తీరు, పనిచేసే చోటు బాగా లేకపోతే మనిషికి అసంతృప్తి కలుగుతుంది. అవి బాగున్నంత మాత్రాన తృప్తి రాదు. చేసిన పని ఫలించినప్పుడు, దాన్ని నలుగురు గుర్తించినప్పుడు, బాధ్యత తన చేతికిచ్చినప్పుడు తృప్తి వస్తుంది. ఈ మాట తెలుసుకోవడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. మన ఊళ్లో భూమి పండగనాడు విత్తనాలు పంచే పెద్దను అడిగినా చెబుతాడు. కూలికి దున్నినవాడి తృప్తి, తన చేనులో తాను దున్నినవాడి తృప్తి ఒకటి కాదు.

బడిలో మేం కూలికి దున్నుతున్నాం. మా బాధంతా అదే.

ఏరు అంటే ఏమిటి

పోలవరం ముంపు ఊళ్లను ఖాళీ చేయించిన తర్వాత కోయ, కొండరెడ్డి కుటుంబాలు జీలుగుమిల్లి, బుట్టాయగూడెం, జంగారెడ్డిగూడెం వైపు కట్టిన కాలనీలకు వచ్చాయి. గోదావరి ఒడ్డున పుట్టిన పిల్లలు పామాయిల్ తోటల మధ్య బడికి వస్తున్నారు. అలా వచ్చిన ఒక ఆరో తరగతి పిల్లవాడు క్లాసులో లేచి "ఏరు" అన్నాడు. తెలుగులో ఏరు అంటే వాగు. వాగుకి పోతానంటున్నాడనుకుని టీచరు కసిరి కూర్చోబెట్టాడు. కోయలో ఏరు అంటే నీళ్లు. పిల్లవాడికి దాహం వేసింది. అంతే.

ఆ టీచరు చెడ్డవాడు కాదు. లెక్కలు బాగా చెబుతాడు, సెలవు కూడా తక్కువ పెడతాడు. కానీ తన క్లాసులో సగం మంది ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అతనికి ఎవరూ చెప్పలేదు. తెలుసుకోవాలని అతనికీ తోచలేదు. ఆ పిల్లవాడు మిగతా ఏడాదంతా క్లాసులో నోరు తెరవలేదు. పదో తరగతికి వచ్చేసరికి ఇలాంటి పిల్లల్నే "డల్" అని రాస్తారు. వాళ్లే "సీ గ్రూపు" అవుతారు. జనవరిలో మిరప కోతలకు తల్లిదండ్రులతో పోతే డ్రాపవుట్ అంటారు. ఎక్కడ జారిపోయాడని వెతికితే పదో తరగతిలో దొరకడు. దాహమేసి అడిగిన ఆ రోజు దగ్గర దొరుకుతాడు.

మాకు కోయ తెలుసు. పక్క క్లాసులో ఉన్నాం. కానీ ఆ క్లాసు మాది కాదు, ఆ టైం టేబుల్ మేం వేసింది కాదు. ఒక శిక్షణలో మాలో ఒకరు లేచి, పునరావాస కాలనీల పిల్లలున్న బడుల్లో టీచర్లందరికీ రెండు వందల కోయ మాటల పట్టీ ఇద్దాం, మేమే తయారు చేస్తాం అన్నారు. శిక్షకుడు నవ్వి "ఇంగ్లీష్ మీడియం రోజుల్లో కోయ ఎందుకండీ" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ శిక్షణ అంశం పేరేమిటో తెలుసా? టీచర్ల నాయకత్వం.

చట్టం ఏమంటుందో చూడండి. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్, వీలైనంతవరకు పిల్లల మాతృభాషలోనే బోధన ఉండాలంటుంది. రాజ్యాంగం 350ఏ అధికరణ, భాషాపరంగా మైనారిటీలైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించమంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయ, గోండి, సవర, కువి వంటి ఎనిమిది భాషల్లో వాచకాలు కూడా వేశారు. అంటే ఇది మా గొంతెమ్మ కోరిక కాదు. కాగితం మీద ఉన్నదాన్నే మేం అడుగుతున్నాం.

నాయకత్వమంటే ఫోటోలు పంపడమా

ఇప్పుడు బడిలో నాయకత్వం పేరుతో మాకు వస్తున్నది ఏమిటి? కోడిగుడ్ల లెక్క, బియ్యం బస్తాల లెక్క. ముఖం చూపించి వేసే హాజరు. కొన్నేళ్లపాటు మరుగుదొడ్లు కడిగించి ఫోటో తీసి యాప్‌లో పెట్టిన మనుషులం మేం. అప్పుడు ఆ పనిని ఏ బళ్లో ఎవరికి అప్పగించారో ఒకసారి గుర్తు చేసుకోండి. సీనియర్ స్కూల్ అసిస్టెంటుకా? పట్నంలో ఇల్లున్న సారుకా? "మీరైతే ఇక్కడివాళ్లు, పిల్లలు మీ మాట వింటారు" అని మాకు అప్పగించారు. మరుగుదొడ్డి దగ్గర మేం ఇక్కడివాళ్లం. గ్రాంటు డబ్బు ఎలా ఖర్చు పెట్టాలో మాట్లాడుకునే చోట మాత్రం డీఎడ్ వాళ్లం, కోటా వాళ్లం.

విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ఏం చెబుతుందో కొత్త టీచర్లు కంఠతా పట్టాలి. పదేళ్లకోసారి వచ్చే జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు. ఈ మూడూ తప్ప చదువుకు సంబంధంలేని పనులకు టీచర్లను పంపకూడదు. ఈ సెక్షన్ చూపించి అడిగే ధైర్యం ఒక్క టీచరుకు ఉండదు. పదిమందికి ఉంటుంది. నాయకత్వం అక్కడ మొదలవుతుంది.

పైనుంచి బడుల రూపాలే మారిపోతుంటాయి. 2022లో 117 జీవో తెచ్చి మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లలో కలిపారు. పసిపిల్లలు రోడ్డు దాటి హైస్కూలుకు నడిచారు. వాళ్ల వెంట మాలో కొందరం ఎస్జీటీలం కూడా హైస్కూల్లోకి వచ్చి ఒక మూల కుర్చీ వేసుకున్నాం. 2025లో ఆ జీవోను తీసేసి మళ్లీ కొత్త జీవోలిచ్చారు. కలిపినప్పుడు మమ్మల్ని అడగలేదు, విడదీసినప్పుడూ అడగలేదు. 1966 అక్టోబర్ 5న యునెస్కో, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి టీచర్ల హోదా మీద ఒక సిఫార్సు పత్రం ఆమోదించాయి. పాఠ్యాంశాలు, పుస్తకాలు, పద్ధతులు తయారు చేయడంలో టీచర్లు భాగం కావాలని అందులో ఉంది. ఆ రోజునే ప్రపంచ ఉపాధ్యాయ దినంగా జరుపుతున్నారు. శాలువా కప్పించుకున్న రోజున అయినా ఆ పత్రంలో ఏముందో చదవాలి మనం.

మార్లవాయి మరిచిపోయారా

ఆదివాసీలకు నాయకత్వం నేర్పాలి అనేవాళ్లకు ఒక పాత సంగతి గుర్తు చేస్తాం. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, నిజాం ప్రభుత్వం ఆదిలాబాద్ గోండుల బాధలు తెలుసుకోమని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, 1943లో అక్కడే గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టించాడు. గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. బడి ముఖం ఎరగని గోండు యువకులు అక్షరాలు నేర్చుకుని, టీచర్లై, తమ గూడేల్లోనే బడులు నడిపారు. చదువు చెప్పడంతో ఆగిపోలేదు. అక్కడ చదివినవాళ్లలో కొందరు ఆ తర్వాత ప్రభుత్వ ఉద్యోగాల్లోకీ వెళ్లారు.

పట్టాలు, డిప్లొమాలు లేని రోజుల మాట ఇది. ఎనభై ఏళ్ల కిందట గోండు యువకుడు తన భాషలో తన ఊరి పిల్లలకు చదువు చెప్పగలిగాడు. ఇవాళ డీఎడ్, డిగ్రీ, బీఎడ్, టెట్ అన్నీ ఉన్న కోయ టీచరు తన బళ్లో కోయ మాట్లాడితే "తెలుగులో మాట్లాడండి మేడం" అంటున్నారు. ఆ తర్వాత వచ్చిన పాలనల్లో గోండి వాచకాలు పక్కకుపోయాయి. మనవాళ్లకు చేతకాక అవి పోలేదు. పై నిర్ణయాలతో పోయాయి.

మూడో నంబరు జీవో: తీర్పు తర్వాత ఏం చేద్దాం

షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో స్థానిక ఆదివాసీలనే టీచర్లుగా వేయాలని 1986లో 275 జీవో వచ్చింది. కోర్టుల్లో అది నిలవలేదు. 2000 జనవరి 10న మూడో నంబరు జీవో వచ్చింది. ఎందుకొచ్చింది? మైదానం నుంచి వచ్చిన టీచర్లు ఏజెన్సీ బడులకు సరిగా రావడం లేదని ప్రభుత్వమే ఒప్పుకుంది కనుక. ఈ పుస్తకం చదువుతున్నవాళ్లలో చాలామందికి అక్షరం చెప్పింది ఆ జీవో కింద వచ్చిన టీచరే అయి ఉంటారు.

2020 ఏప్రిల్ 22న, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉన్నప్పుడు, సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగ విరుద్ధమంది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను, ఇక ముందు ఇలాంటిది చేయరాదన్న షరతు మీద, కదిలించలేదు. ఆదివాసీలకు ఆదివాసీలే పాఠాలు చెప్పాలన్న ఆలోచననే కటువైన మాటలతో తప్పుపట్టింది.

తీర్పును గౌరవిస్తూనే మా మాట చెబుతాం. ఆదివాసీలకు ఆదివాసీలే చెప్పాలని కులం చూసి మేం అనడం లేదు. ఏరు అంటే నీళ్లని తెలిసినవాళ్లు చెప్పాలంటున్నాం. వాన పడితే వాగు దాటి రాలేనని ఇంట్లో ఉండిపోనివాళ్లు, అదే ఊళ్లో ఉండి వచ్చేవాళ్లు చెప్పాలంటున్నాం. ఏజెన్సీలో తరాలుగా ఉంటున్న దళిత, బీసీ కుటుంబాల పిల్లలు కూడా నిరుద్యోగులేనన్న మాట నిజం. వాళ్లతో మాకు తగువు లేదు. కొద్దిపాటి పోస్టులు విసిరి పేదవాళ్లను పేదవాళ్ల మీదికి ఉసిగొల్పే పద్ధతితోనే మా తగువు. ఆ కుటుంబాల్లో కోయ గడగడా మాట్లాడేవాళ్లు ఉన్నారు. రమ్మనండి, పరీక్ష పెట్టండి. కోయ, కొండరెడ్డి పిల్లలున్న బళ్లో పనిచేయాలంటే ఆ పిల్లల భాష రావాలనీ, ఆ ఊరి చుట్టుపక్కల కాపురం ఉండాలనీ చట్టం చేయండి. ఇంగ్లీష్ చెప్పడానికి ఇంగ్లీష్ రావాలన్నప్పుడు లేని అభ్యంతరం కోయ దగ్గర ఎందుకు?

2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులన్నారు. ఏజెన్సీ పోస్టులకు ప్రత్యేక డీఎస్సీ కావాలని మన్యం అంతా అడిగింది. రాలేదు. ఇరవై ఏళ్లు మన పిల్లలకు భరోసాగా ఉన్న దారి మూసుకుపోయింది, ఇంకో దారి ఎవరూ వేయలేదు. దాన్ని వేయించుకోవడం మన తరం పని.

గీతకు ఈ పక్క

చింతలపూడి వాళ్లం ఇంకొక బాధ చెప్పాలి. జీలుగుమిల్లి షెడ్యూల్డ్ మండలం. చింతలపూడి కాదు. మధ్యలో ఉన్నది ఒక గీత. ఆ గీత దాటితే 1/70 చట్టం లేదు, పెసా లేదు, ఐటీడీఏ చూపు పలచబడుతుంది. మనుషులు మాత్రం వాళ్లే. గీతకు అటు ఉన్న పిల్లవాడికి ఆశ్రమ పాఠశాల, ఇటు వస్తే మండల కేంద్రం హైస్కూల్లో నలభై మందిలో ఒకడు. పిల్లవాడు గీత దాటి వస్తాడు, హక్కు దాటి రాదు. ఇక్కడి హైస్కూళ్లలో ఎంతమంది ఆదివాసీ పిల్లలున్నారో హాజరుపట్టీ చూస్తే తెలుస్తుంది. వాళ్ల కోసం ఆలోచించే బాధ్యత ఫలానావారిదని మాత్రం ఏ కాగితంలోనూ దొరకదు.

ఆశ్రమ పాఠశాలల్లో మన సీఆర్టీల మాటేమిటి? ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద పగలు పాఠం, రాత్రి హాస్టల్ కాపలా. ఏప్రిల్ వస్తే రెన్యువల్ ఉంటుందో ఉండదో తెలియదు. రేపు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషిని నాయకత్వం వహించమనడం వెక్కిరింపు. దాని మీద టెట్ వచ్చింది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు, రిటైర్మెంటుకు ఐదేళ్లకు మించి సర్వీసున్న టీచర్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలంది. నలభై దాటిన మేం మళ్లీ కోచింగ్ పుస్తకాలు తెరిచాం. చదువుతాం, రాస్తాం. పరీక్షంటే మాకు భయం లేదు. కానీ పాతికేళ్లు వాగులు దాటి వచ్చిన సర్వీసుకు ఆ ప్రశ్నపత్రంలో ఒక్క మార్కూ లేదు.

మన తప్పు మనం చెప్పుకోవాలి

ఎదుటివాళ్లనే అంటే న్యాయం కాదు. మన వేలు మన వైపు కూడా తిప్పుదాం.

ఉద్యోగం వచ్చిన రెండేళ్లకే జంగారెడ్డిగూడెంలోనో చింతలపూడిలోనో ఇల్లు కట్టుకున్నాం. మన పిల్లల్ని కార్పొరేట్ బస్సు ఎక్కించాం. వాళ్లతో ఇంట్లో కోయ మాట్లాడటం మానేశాం. కాలనీలో ఎవరైనా కోయలో పలకరిస్తే చుట్టూ చూసి తెలుగులో జవాబిచ్చాం. సంఘం మీటింగుకు బదిలీల కౌన్సెలింగ్ ఉన్నప్పుడే పోయాం. సీఆర్టీ అక్కలు ధర్నాలో కూర్చుంటే మేం రెగ్యులర్ వాళ్లం కదా అని పక్కనుంచి వెళ్లిపోయాం. మైదానం టీచరు ఊళ్లో ఉండడని జీవో అడిగినవాళ్లం, మనం ఊళ్లో ఉంటున్నామా? ఈ ప్రశ్న కోర్టు వేయకముందే మన ఊరి పెద్దలు వేశారు. మన దగ్గర జవాబు లేదు.

బడిలో కుర్చీ దొరకడం లేదని బాధపడుతున్నాం. ఊరి అరుగు మీద మనకున్న చోటును మనమే ఖాళీ చేసి వచ్చాం. ముందు అక్కడికి తిరిగి వెళ్లాలి.

ఏం చేద్దాం

ఎవరి అనుమతీ అక్కర్లేని పనులు ముందు మొదలుపెడదాం. ప్రతి బడి హాజరుపట్టీ పక్కన ఇంకొక పట్టీ రాసుకుందాం. ఏ పిల్లవాడి ఇంటి భాష ఏది, ఏ కాలనీ నుంచి వస్తున్నాడు, ఏ నెలలో పనికి పోతాడు అని. ఆ హాలులో నవ్విన రెండు వందల మాటల పట్టీని మనమే రాసి, చేత్తో అంటించి, పక్క క్లాసు సారుకు మర్యాదగా ఇద్దాం. "సార్, ఇది మీకు పనికొస్తుంది" అందాం. కసిరినవాడే రేపు దాన్ని జేబులో పెట్టుకుంటాడు.

పాఠశాల యాజమాన్య కమిటీలో ముప్పాతిక వంతు తల్లిదండ్రులే ఉండాలని చట్టం చెబుతోంది, అందులో సగం ఆడవాళ్లు ఉండాలంది. ఆ మీటింగును కోయలో నడుపుదాం. తీర్మానం తెలుగులో రాద్దాం. అమ్మలు నోరు విప్పిన రోజున ఏ అధికారీ ఆ తీర్మానాన్ని పక్కన పడేయలేడు. గీతకు అటువైపున్న మండలాల్లో 1996 పెసా చట్టం బడులు, ఆసుపత్రులు, వాటి ఉద్యోగుల మీద గ్రామసభలకు, పంచాయతీలకు అజమాయిషీ ఇచ్చింది. టీచర్లుగా మనం ఆ అజమాయిషీకి భయపడకూడదు. గ్రామసభ అడిగితే లేచి నిలబడి లెక్క చెబుదాం. ఊరికి జవాబు చెప్పే టీచరు పై అధికారికి తలవంచాల్సిన పనిలేదు.

ఆపైన ప్రభుత్వాన్ని అడగాల్సినవి మూడు. ఆదివాసీ పిల్లలున్న ప్రతి బడికీ, గీతకు ఏ పక్కనున్నా సరే, పిల్లల భాష వచ్చిన టీచరు ఉండేలా చట్టం. సీఆర్టీలకు ఉద్యోగ భద్రత. టైం టేబుల్, గ్రాంటు, శిక్షణాంశాలు నిర్ణయించే చోట ఎస్జీటీ నుంచి సీఆర్టీ దాకా అందరికీ ఓటు. ఈ మూడూ అడగడానికి సంఘాల జెండా రంగులు అడ్డు రాకూడదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! డీఎడ్ పుస్తకం పట్టుకుని, ఇక పోస్టులు రావేమోనని దిగులుపడుతున్న మీతోనే ఈ చివరి మాట. చదువు ఆపకండి, కోయ మరవకండి. ఈ రెండూ కలిసి ఉన్న మనిషి అవసరం ఈ బడులకు ఎంతుందో మేం రోజూ చూస్తున్నాం. వచ్చేసారి ఏలూరులో ఆ కాగితం ఇచ్చినప్పుడు మేం నాలుగు వేయం. రెండు వేస్తాం. కింద ఎందుకో కూడా రాస్తాం. పిలిచి అడిగితే ఒక్కరం పోము, అందరం కలిసే పోతాం.